జెండా పండుగ నాడు ఒక బాబు అడిగిన ప్రశ్న

చదవవలసిన లేఖన భాగాలు: నెహెమ్యా 3వ అధ్యాయం, యిర్మీయా 29:4-7, మార్కు 12:13-17

ఈ నెల పాఠం పెద్దలు చదువుకొని, ఆ తరువాత పిల్లలతో మాట్లాడడానికి రాస్తున్నాము.

కిందటి వానాకాలంలో, ఆగస్టు 15వ తేదీ ఉదయం, మా పిల్లల వార్డులో డెంగ్యూతో ఒక బాబు ఉన్నాడు. అయిదో తరగతి. ముందు రోజే జ్వరం తగ్గింది. జ్వరం తగ్గింది కదా అని తల్లిదండ్రులు ఇంటికి తీసుకుపోతామంటారు గాని, డెంగ్యూలో జ్వరం తగ్గిన తరువాతి ఒకటి రెండు రోజులే ఎక్కువ జాగ్రత్తగా చూడవలసినవి. కడుపునొప్పి, ఆగకుండా వాంతులు, చిగుళ్ళ నుండి రక్తం, మగతగా ఉండడం, ఇవన్నీ అప్పుడే బయటపడతాయి. అందుకని వాడిని మంచం దిగనివ్వలేదు. స్కూల్లో జెండా పండుగకు పోలేకపోయానని ముఖం చిన్నబుచ్చుకుంటే, మంచాన్ని కిటికీ దగ్గరకు జరిపి, ఆసుపత్రి ఆవరణలో జెండా ఎగరేయడం చూపించాము.

జనగణమన అయిపోయాక వాడు డ్యూటీలో ఉన్న సిస్టరును అడిగాడట: "సిస్టర్, ఆ జెండా మనది కూడానా?" ఎందుకలా అడిగావంటే, మీరు చర్చికి పోయేవాళ్ళు, మీది ఈ దేశం కాదని తరగతిలో ఒక పిల్లవాడు అన్నాడని చెప్పాడు. సిస్టరు చిన్న వయసు అమ్మాయి. "అలాంటివి ఆలోచించకు, ఓఆర్‌ఎస్ తాగు" అని ఊరుకుంది. మధ్యాహ్నం డ్యూటీ మారేటప్పుడు ప్లేట్‌లెట్లు ఎంత, బీపీ ఎంత, మూత్రం ఎన్నిసార్లు పోశాడు అన్నీ ఒప్పజెప్పి, చివర ఈ సంగతి చెప్పి, "ఏం చెప్పాలో తెలియలేదు మేడమ్" అంది. నిజం చెప్పాలంటే ఆ క్షణాన మాకూ తోచలేదు. ఇన్నేళ్ళు సండేస్కూల్లో మోషే కథ, దావీదు కథ చెప్పాము గాని, ఈ ప్రశ్న ఒక పిల్లవాడికి ఎదురవుతుందని పాఠం సిద్ధం చేసుకోలేదు.

ఆ సాయంత్రం మేము వాడి మంచం పక్కన కూర్చొని చెప్పింది మీకూ చెబుతాము. మీ పిల్లలు అడిగిన రోజున ఉపయోగపడుతుంది.

ముందు వాడి తెలుగు వాచకం తెప్పించి, ప్రతిజ్ఞ ఉన్న పేజీ తీయించాము. రోజూ ఉదయం చెయ్యి చాచి చదివే ప్రతిజ్ఞ అది. దానిని మొదట రాసింది మన తెలుగులోనే. నల్గొండ జిల్లా అన్నెపర్తిలో పుట్టిన పైడిమర్రి వెంకట సుబ్బారావు గారు 1962లో విశాఖపట్నంలో ట్రెజరీ అధికారిగా పనిచేస్తూ రాశారు. 1965 జనవరి 26 నుండి దేశమంతటా పాఠశాలల్లో చదివించసాగారు. అందులో భారతీయులందరూ తోబుట్టువులన్న మాట ఉంది గాని, ఫలానా గుడికి వెళ్ళేవారు అన్న మాట లేదు. "చూడు, ఉందేమో వెదుకు" అంటే వాడు వేలు పెట్టి రెండుసార్లు చదువుకున్నాడు.

తరువాత మన పెద్దల సంగతి చెప్పాము. రాజ్యాంగ సభకు ఉపాధ్యక్షుడుగా పనిచేసిన హరేంద్ర కుమార్ ముఖర్జీ గారు బెంగాలీ క్రైస్తవుడు. 1930లో గాంధీగారితో దండికి నడిచినవారిలో కేరళకు చెందిన టైటస్ గారు ఉన్నారు. మన డోర్నకల్‌లో 1912లో బిషప్ అయిన అజరయ్య గారు ఆంగ్లికన్ సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్. తిరునల్వేలి ప్రాంతపు తమిళుడు, మన మధ్యకు వచ్చి తెలుగు నేర్చుకొని, ఇక్కడే 1945లో ప్రభువునందు నిద్రించారు. ఆయన కట్టించిన కెథెడ్రల్ చూడండి, స్తంభాలూ గుమ్మటాలూ అన్నీ మన దేశపు పనితనమే. క్రైస్తవులకు వేరుగా ఓట్లు, వేరుగా నియోజకవర్గాలు వద్దని, పొరుగువారి నుండి మనలను విడదీయవద్దని ఆయన గట్టిగా వాదించారు. ఇప్పుడు మన ఇళ్ళలో మనవాళ్ళు, బయటివాళ్ళు అంటూ మాట్లాడుకునే మాటలు ఆయన వింటే ఏమనేవారో!

నర్సులమైన మాకు ఇంకొక పేరు ప్రీతి. రాజకుమారి అమృత్ కౌర్ గారు. స్వతంత్ర భారతదేశపు మొదటి ఆరోగ్య మంత్రి, క్రైస్తవురాలు. 1947 నుండి పదేళ్ళు ఆ పదవిలో ఉన్నారు. ఢిల్లీలో ఎయిమ్స్ స్థాపనకు పట్టుబట్టి నిధులు కూడబెట్టారు. సిమ్లాలోని తమ ఇంటిని ఆ సంస్థలోని నర్సులు, సిబ్బంది విశ్రాంతికి ఇచ్చేశారు. ఢిల్లీలో ఆమె పేరుతో నర్సింగ్ కళాశాల ఉంది.

బాబు అన్నీ విని ఇంకొకటి అడిగాడు. జెండాకు దండం పెడితే యేసయ్యకు కోపం వస్తుందా అని! ఈ ప్రశ్న తరగతి నుండి వచ్చింది కాదు, మన దగ్గర ఎవరో పెద్దలు అన్న మాట నుండి వచ్చింది. దీనికి జవాబు జాగ్రత్తగా చెప్పాలి. మార్కు సువార్తలో పన్ను నాణెం చూపించి అడిగినప్పుడు ప్రభువు రాజుకు చెందవలసినది కాదనలేదు, దేవునికి చెందవలసినది రాజుకు ఇవ్వమనీ అనలేదు. మర్యాద వేరు, ఆరాధన వేరు. తాతయ్య గదిలోకి వస్తే లేచి నిలబడతాము. అది ఆరాధన కాదు కదా.

కేరళలో 1985లో ముగ్గురు పిల్లలు జాతీయ గీతం పాడేటప్పుడు నిలబడ్డారు గాని పాడలేదు. వారు యెహోవా సాక్షుల కుటుంబం పిల్లలు. స్కూలు నుండి తీసివేశారు. ఆ కేసు సుప్రీంకోర్టుకు పోతే, తెలుగువారైన జస్టిస్ చిన్నప్పరెడ్డి గారు, ఇంకొక న్యాయమూర్తి కలిసి 1986 ఆగస్టులో పిల్లలను తిరిగి చేర్చుకోవాలని తీర్పు ఇచ్చారు. గౌరవంగా నిలబడడం అగౌరవం కాదన్నారు. వారి బోధకూ మన సంఘాల బోధకూ తేడా ఉంది, మనం పాడతాము, పాడాలి కూడా. అయినా ముగ్గురు పిల్లల మనస్సాక్షి కోసం ఇంత దేశపు అత్యున్నత న్యాయస్థానం కూర్చొని ఆలోచించిందన్నది మన పిల్లలకు చెప్పదగిన సంగతి. ఇలాంటి దేశాన్ని ప్రేమించడం పిల్లలకు కష్టం కాదు.

పెద్దల విషయంలోనే మాకు కొంచెం బాధ. పిల్లల ఎదుట "ఈ దేశం బాగుపడదు, ఎలాగో ఒకలాగు బయటికి పంపించాలి" అనే మాట ఎన్ని ఇళ్ళలో వినబడుతుందో! మా దగ్గర చదువుకున్న అమ్మాయిలూ గల్ఫ్‌కు, లండన్‌కు వెళ్ళారు. వెళ్ళడం తప్పు కాదు, వారి జీతంతో ఇక్కడ ఇళ్ళు నిలబడ్డాయి. విడిచి వచ్చిన ఊరిని తిట్టుకుంటూ బ్రతకడమే తప్పు. అలాగే పక్క దేశాన్ని తిట్టడమే దేశభక్తి అని పిల్లవాడు నేర్చుకుంటే, శత్రువుల కొరకు ప్రార్థించమన్న ప్రభువు ఎదుట వాడు ఎలా మోకరిస్తాడు?

యిర్మీయా 29వ అధ్యాయంలో ప్రవక్త బబులోనుకు చెరపట్టబడిన వారికి ఉత్తరం రాశాడు. ఇళ్ళు కట్టుకోండి, తోటలు నాటుకోండి, ఆ పట్టణ క్షేమం కోసం ప్రార్థించండి అని. అది వారికి పరాయి ఊరు, పైగా తమను పట్టుకుపోయిన ఊరు. మనకేమో ఇది తాతముత్తాతలు పుట్టి మట్టిలో కలిసిన సొంత ఊరు.

నెహెమ్యా 3వ అధ్యాయం చాలామంది పేర్ల పట్టిక అని దాటేస్తారు. నిదానంగా చదవండి. యెరూషలేము గోడ పడిపోతే కంసాలులు, పరిమళ ద్రవ్యాలు చేసేవారు, యాజకులు, ఒక అధికారి కుమార్తెలు అందరూ కలిసి కట్టారు. వారిలో చాలామంది ఎవరి ఇంటి ఎదుటి భాగాన్ని వారు బాగుచేసుకున్నారు. మేము బాబుతో, "నీకు డెంగ్యూ ఎక్కడి నుండి వచ్చింది?" అని అడిగాము. "దోమ" అన్నాడు. ఆ దోమ పగటిపూట కుడుతుంది, ఎక్కువ దూరం ఎగరదు. మన ఇంట్లోనో పక్కింట్లోనో కూలర్‌లో, పాత టైరులో, కొబ్బరి చిప్పలో నిలిచిన మంచినీళ్ళలో పుడుతుంది. గుడ్డు నుండి దోమ కావడానికి వారం పది రోజులు చాలు. అది చర్చికి పోయే ఇల్లా, గుడికి పోయే ఇల్లా, మసీదుకు పోయే ఇల్లా అని చూడదు. మన తొట్టిలో పుట్టిన దోమ పొరుగు పిల్లవాడిని కుడుతుంది, వాళ్ళ తొట్టిలో పుట్టింది మనవాడిని కుడుతుంది. ఇదే మీ ఇంటి ఎదుటి గోడ అన్నాము.

పోలియో సంగతీ ఇలాంటిదే. మన దేశంలో చివరి కేసు 2011 జనవరిలో బెంగాల్‌లో కనబడింది. 2014లో మన దేశాన్ని పోలియో లేనిదిగా ప్రకటించారు. ఆ ఆదివారాలలో ఆరాధన ముగిసీ ముగియకముందే మన యూత్ పిల్లలు ఐస్ పెట్టె భుజాన వేసుకొని పోలియో బూత్‌లకు పోయేవారు. ఆ చుక్కల మందు వేయించుకున్న పిల్లలే ఇప్పుడు తల్లులై ప్రసూతి వార్డుకు వస్తున్నారు.

బాబు ఇంటికి వెళ్ళిన పది రోజులకు చూపించుకోవడానికి వచ్చాడు. వాళ్ళ నాన్న నవ్వుతూనే ఫిర్యాదు చేశాడు. వీడు శుక్రవారం వచ్చిందంటే కూలర్ బోర్లిస్తున్నాడట. పక్కింటి అవ్వ గాబు కూడా పారబోస్తే ఆమె కేకలు వేసిందట, రెండు రోజులకొకసారి వచ్చే కుళాయి నీళ్ళాయె! తప్పు మాదే, మేము సగమే చెప్పాము. వాడుకునే నీళ్ళు పారబోయనక్కరలేదు. వారానికి ఒకసారి తొట్టి ఖాళీ అయినప్పుడు లోపలి గోడలు పీచుతో గట్టిగా రుద్దాలి, గుడ్లు అక్కడే అంటుకొని ఉంటాయి. నీళ్ళు పట్టాక పలుచని పాత చీర ముక్క పైన కప్పి తాడుతో కట్టాలి. కూలర్‌లో నీళ్ళు మాత్రం పారబోసి ఆరబెట్టాలి. అవ్వకు మా క్షమాపణ చెప్పి, చీర ముక్క నువ్వే కట్టి రమ్మని పంపాము.