కిటికీ దగ్గర కూర్చోకండి, పొలాల్లోకి నడవండి!



ఇంగ్లండులో కూతురో కొడుకో ఉన్న తల్లులు మనలో చాలామందే ఉన్నారు. కాన్పుకనో, పసివాణ్ణి చూసుకోవడానికనో ఆర్నెల్ల వీసా మీద వెళ్తాం. ఆవకాయ, కందిపొడి, సున్నుండలు అన్నీ సర్దుకుని మరీ వెళ్తాం. తీరా వెళ్ళాక? పిల్లలు పొద్దున్నే పనులకు వెళ్ళిపోతారు. వీధిలో మనిషి అలికిడి ఉండదు. పలకరించే గొంతు ఉండదు. కిటికీ దగ్గర కూర్చుని తిరుగు ప్రయాణం ఎప్పుడా అని రోజులు లెక్కపెట్టుకుంటాం. వెళ్ళొచ్చిన వాళ్ళను కదిపితే చాలు, "ఇంట్లో పెట్టి తాళం వేసినట్టుంది వదినా" అంటారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది. ఎందుకంటే ఆ ఇంటికి కాస్త దూరంలోనే, మనం నడవడానికి హక్కున్న దారి ఒకటి ఉండే ఉంటుంది. ఆ సంగతి మనకెవరూ చెప్పరు, అంతే.

మా అమ్మాయి వాళ్ళుండే వీధి చివర ఒక కర్ర స్తంభం, దాని మీద "పబ్లిక్ ఫుట్‌పాత్" అని రాసిన పలక ఉన్నాయి. అక్కడి నుంచి దారి సరాసరి పొలాల్లోకి వెళ్తుంది. పొలం ఎవరో రైతుది, పంటా ఆయనదే. కానీ ఆ బాట మీద నడిచే హక్కు మాత్రం అందరిదీ. అక్కడ పుట్టినవాళ్ళకైనా, ఆర్నెల్లకని వెళ్ళిన మనకైనా ఒకటే. ఎవర్నీ అడగక్కర్లేదు, పైసా కట్టక్కర్లేదు. ఇంగ్లండు, వేల్స్ కలిపి ఇలాంటి దారులు సుమారు 2,25,000 కిలోమీటర్లున్నాయి.

మొదటిసారి గోధుమచేను ముందు నిలబడితే నాకు అడుగు ముందుకు పడలేదు. నడుమెత్తు పైరు, వెన్నులు పసుపు తిరుగుతున్నాయి. దాని మధ్య నుంచి పాపిడి తీసినట్టు, ఒక్క మనిషి పట్టేంత దారి. చేలో కాలు పెడితే చేనుగలవాళ్ళు కేకలేస్తారన్న భయంతో పెరిగినదాన్ని కదా! "అమ్మా, ఈ దారి రైతే తీసి ఉంచాలి, చట్టం అది" అంది మా అమ్మాయి. నిజమే. చేనుకు అడ్డంగా పోయే బాటను రైతు దున్నుకోవచ్చు. కానీ 1990 నాటి చట్టం ప్రకారం 14 రోజుల్లోగా దాన్ని చదును చేసి, కనీసం మీటరు వెడల్పున నడకకు వీలుగా ఉంచాలి. పైరు పెరిగి దారిని మూసెయ్యకుండా చూసే బాధ్యతా ఆయనదే.

చేను చివర "కిస్సింగ్ గేటు" ఉంటుంది. అర్ధచంద్రంలా వంగిన కంచెలో అటూ ఇటూ ఆడే చిన్న తలుపది. కంచెలోకి వచ్చి ఒక పక్కకు నిలబడి, తలుపును మన వెనక్కి తోసి, అవతలి సందులోంచి బయటపడాలి. మనిషి పడుతుంది, ఆవు పట్టదు. రాతిగోడ అడ్డం వచ్చినచోట గోడకే మెట్లుగా రాళ్ళు దిగేసి ఉంటాయి. దాన్ని "స్టైల్" అంటారు. పశువులు దాటకూడదు, మనిషి ఆగకూడదు. ఆ రెండూ ఆలోచించి చేసిన ఏర్పాట్లివి.

ఇదంతా ఊరికే రాలేదమ్మా. ఆ బాటల్లో చాలావరకు వందల ఏళ్ళనాటివి. చర్చికీ, సంతకూ, పిండిమరకూ జనం నడిచి నడిచి పడినవి. కొండల మాట వేరు. మాంచెస్టర్, షెఫీల్డు ఫ్యాక్టరీల పొగలో వారమంతా పనిచేసేవాళ్ళకు ఆదివారం కాస్త గాలి పీల్చుకుందామంటే, కళ్ళెదుటి కొండలన్నీ దొరల వేటకోసం కట్టడి చేసినవే. 1932 ఏప్రిల్ 24న వందలాది మంది కార్మికులు కిండర్ స్కౌట్ అనే కొండ మీదికి నిషేధాన్ని కాదని నడిచారు. ముందు నిలిచిన బెన్నీ రోత్‌మన్‌కు అప్పటికి 20 ఏళ్ళు. కాపలావాళ్ళతో తోపులాట జరిగింది, ఐదుగురు జైలుకెళ్ళారు. బెన్నీకి నాలుగు నెలల శిక్ష పడింది. ఇలాంటి పట్టుదలల ఫలితంగా 1949లో చట్టం వచ్చింది. ప్రతి జిల్లా తన పరిధిలోని కాలిబాటలన్నీ పటం మీద గీసి నమోదు చేయాలంది. ఇంకో నియమం నాకు మరీ నచ్చింది. జనం 20 ఏళ్ళపాటు ఎవరి అనుమతీ అడక్కుండా, అడ్డంకి లేకుండా నడిచిన దారి, యజమాని అందుకు ఒప్పుకోలేదని రుజువైతే తప్ప, జనానిదే.

"మరి ఎక్కడ మొదలుపెట్టాలక్కా?" అంటారా? ముందు ఇంటి దగ్గర బాట అలవాటు చేసుకోండి. పిల్లలకు సెలవు దొరికిన రోజున కోట్స్‌వోల్డ్స్ తీసుకెళ్ళమనండి. లండనుకు పడమటివైపు, గొర్రెలు మేసే పచ్చటి గుట్టల ప్రాంతమది. చిప్పింగ్ కాంప్డెన్ అనే పాత ఊరి నుంచి బాత్ నగరం దాకా 102 మైళ్ళ కోట్స్‌వోల్డ్ వే ఉంది. అంతా నడవక్కర్లేదు. కాంప్డెన్ నుంచి బ్రాడ్‌వే అనే ఊరి వరకు మొదటి పది కిలోమీటర్లు చాలు, ఒక పూట పని. దారి పొడవునా స్తంభాల మీద ఓక్ కాయ గుర్తు ఉంటుంది, అది చూసుకుంటూ పోవడమే.

ఆ ఊళ్ళు చూస్తే మీరు కదలరు. ఇళ్ళన్నీ తేనెరంగు రాయి. పొలాల గోడలు సున్నం, సిమెంటు లేకుండా రాయి మీద రాయి పేర్చి కట్టినవే. మధ్యయుగాల్లో ఇక్కడి ఉన్ని యూరప్ అంతటా అమ్ముడుపోయింది. ఆ డబ్బుతోనే అంతంత చిన్న ఊళ్ళల్లో అంతంత పెద్ద చర్చీలు లేచాయి. కాంప్డెన్ నడివీధిలో 1627లో కట్టిన సంతమండపం ఉంది. వెన్న, జున్ను, కోళ్ళు అమ్ముకునేవాళ్ళు ఎండావానలకు తలదాచుకోవడానికి కట్టించారు. కింద పరిచిన రాళ్ళు ఎగుడు దిగుడుగా ఉంటాయి, జాగ్రత్తగా అడుగెయ్యండి. బుట్టలు దించుకుని అక్కడ కూర్చున్న ఆడవాళ్ళను తలుచుకుంటూ నేను చాలాసేపు ఆ నీడన ఉండిపోయాను.

దక్షిణంగా వెళ్తే వించ్‌కూమ్ ఊరి పక్కన సూడ్లీ కోట. ఎనిమిదో హెన్రీ రాజు ఆఖరి భార్య కేథరిన్ పార్ సమాధి అక్కడే ఉంది. ఇంగ్లండు రాణుల్లో తన పేరుతో పుస్తకం అచ్చువేయించిన మొదటి ఆవిడ. రాజు పోయాక మళ్ళీ పెళ్ళి చేసుకుంది. 1548లో ఆడపిల్లను కని, బాలింతగానే పోయింది. కూతురి కాన్పుకు వెళ్ళిన మన తల్లులకు ఆ సమాధి దగ్గర గుండె బరువెక్కకుండా ఉండదు.

అడవి ముచ్చట కూడా చెప్పాలి. అదే దారిలో పెయిన్స్‌విక్ అనే ఊరు చేరేముందు బీచ్ చెట్ల అడవి వస్తుంది. ఏప్రిల్ ఆఖరు, మే మొదటి రోజుల్లో వెళ్ళండి. చెట్ల కింద నేలంతా బ్లూబెల్ పూలు, నీలం తప్ప ఇంకేం కనపడదు. ఉన్నట్టుండి వెల్లుల్లి వాసన! ఎవరో తాలింపు పెడుతున్నారేమోనని చుట్టూ చూశాను. అది అడవి వెల్లుల్లి. వెడల్పాటి ఆకులు, తెల్లటి పూలు. ఒక ఆకు నలిపి వాసన చూస్తే ప్రాణం లేచొచ్చింది. కోసి పచ్చడి చేద్దామని మాత్రం అనుకోకండి. అచ్చం అలాంటి ఆకులతోనే విషపు మొక్కలూ అక్కడ పెరుగుతాయి.

ఇక మీ సందేహాలు. చీరతో నడవొచ్చా? ఇంటి దగ్గర బాటకు పర్వాలేదు. గోడలు దాటే దారిలో మాత్రం సల్వారో ప్యాంటో వేసుకోండి. కాళ్ళు పూర్తిగా కప్పుకోవడం మంచిది, గట్ల వెంట నెటిల్ అనే మొక్క తగిలితే భగ్గుమని దద్దుర్లు లేస్తాయి. వాన ఎప్పుడు పడుతుందో తెలియదు, టోపీ ఉన్న వానకోటు ఉండాలి. బురదలో జారని బూట్లు ఉండాలి. ఖర్చు పెట్టదలిస్తే బూట్ల మీదే పెట్టండి. ఆవుల మందలో దూడలుంటే దూరంగా చుట్టూ తిరిగి వెళ్ళండి. మన ఇంటి ఆవులా నిమరబోతే పొరపాటు, అక్కడ ఆవులు తొక్కి మనుషులు పోయిన సంఘటనలున్నాయి. తీసిన గేటు మూసి రండి. ఎక్కడికి వెళ్తున్నారో పిల్లలకు చెప్పి వెళ్ళండి, ఆపద వస్తే 999కి ఫోన్ చెయ్యండి. అక్కడి పటాల సంస్థ ఆర్డ్‌నెన్స్ సర్వే వేసే నారింజరంగు అట్ట పటంలో పచ్చటి చిన్న గీతలుగా కనిపించేవే కాలిబాటలు. పులిహోర పొట్లం, మంచినీళ్ళ సీసా ఎలాగూ మీరు మరిచిపోరు.

అక్కడ నడుస్తుంటే నాకు మన ఊళ్ళే గుర్తొచ్చాయి. గోదావరి జిల్లాల్లో పుంత, గుంటూరు వైపు డొంక, తెలంగాణలో బండ్ల బాట. పేరేదైనా మన పెద్దలు పొలానికీ చెరువుకీ పక్కూరికీ నడిచిన దారులే. గ్రామ పటంలో వాటికీ చోటుంది. కానీ మనం నడవడం మానేశాం. అటు ఇటు గట్లు జరిగి, ముళ్ళకంప పెరిగి, చాలాచోట్ల అవి కనిపించకుండా పోయాయి. ఇంగ్లండులో బాటలు బతికున్నాయంటే చట్టం ఒక్కటే కారణం కాదు. ముసలివాళ్ళూ ఆడవాళ్ళూ పిల్లలూ ఎండా వానా అనకుండా వాటి మీద నడుస్తూనే ఉన్నారు. దారిని కాపాడేది నడిచే కాళ్ళే.

కాబట్టి వచ్చే వేసవికి ప్రయాణం పెట్టుకున్నవాళ్ళు ఇవాళే పిల్లలకు ఫోన్ చేసి, ఇంటికి దగ్గర్లో పబ్లిక్ ఫుట్‌పాత్ ఎక్కడుందో కనుక్కోమనండి. ఊళ్ళో ఉన్నవాళ్ళు పక్కింటి వదినను తోడు తీసుకుని రేపు పొద్దున పుంత చివరిదాకా వెళ్ళి రండి. ఎక్కడైనా అది మూసుకుపోయి ఉంటే పంచాయతీలో అడగండి. అడిగే హక్కు మనకూ ఉంది.