బిడ్డ లెక్కే వేరు

ప్రశ్నలు - జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువగా కనిపించింది ఒకే భయం: “నావల్లే ఏమైనా అయిందా?” కడుపులో ఏ అవయవం ఎప్పుడు రూపుకడుతుందో తెలిస్తే ఆ భయం చాలావరకు తీరుతుంది. అందుకే ఈసారి వారాల లెక్కలు కాస్త ఎక్కువ. డాక్టర్లు చెప్పే వారాలు చివరి నెలసరి మొదటి రోజు నుంచి లెక్క. పిండం ఏర్పడేది ఆ తర్వాత దాదాపు రెండు వారాలకు. కాబట్టి 40 వారాలు, అంటే 280 రోజులు నిండి పుట్టిన బిడ్డ అసలు వయసు 38 వారాలే.

ప్రశ్న: నాకు ఏడో నెల. మొన్న గ్రహణం రోజున తెలియక వంకాయలు తరిగాను. బిడ్డకు గ్రహణం మొర్రి వస్తుందని మా అత్తగారు బెంగపెట్టుకున్నారు. నాకూ నిద్ర పట్టడం లేదు. — ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: ఈ జబ్బు పేరులోనే గ్రహణాన్ని ఇరికించారు మనవాళ్లు, అందుకే ఇంత భయం. లెక్క చూడండి. పిండం ముఖం ముక్కలు ముక్కలుగా మొదలై, రెండు పక్కల నుంచి మధ్యకు వచ్చి అతుక్కుంటుంది. తొమ్మిదో వారం వచ్చేసరికి పై పెదవి కలిసిపోతుంది. నాలుగో నెలలో అడుగుపెట్టేసరికి అంగిలి కూడా మూసుకుంటుంది. ఆ అతుకు పడకపోతే వచ్చేదే మొర్రి. మీ బిడ్డ పెదవి సంగతి ఎన్నడో తేలిపోయింది. ఏడో నెలలో మీరు కోసిన వంకాయ వెనక్కి వెళ్లి దాన్ని చీల్చలేదు.

మొర్రికి వంశపారంపర్యం ఒక కారణం. మూర్ఛకు వాడే కొన్ని మందులు, తల్లికి పొగతాగే అలవాటు, గర్భానికి ముందే ఉన్న షుగరు వంటివీ ఆ అవకాశాన్ని పెంచుతాయి. గ్రహణం రోజున అసలు ప్రమాదం గర్భిణిని గంటల తరబడి అన్నం నీళ్లు లేకుండా కదలకుండా పడుకోబెట్టడమే.

పెళ్లి కావలసిన మీ చెల్లెళ్లకు, మరదళ్లకు ఒక మాట చెప్పండి. వెన్నుపాముగా, మెదడుగా మారే నాళం ఆరో వారానికల్లా మూసుకుంటుంది. అంటే నెల తప్పి అప్పటికి రెండు వారాలే! ఫోలిక్ ఆమ్లం లోపిస్తే ఆ నాళం సరిగ్గా మూసుకోకపోవచ్చు. అందుకే రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం మాత్రను బిడ్డ కావాలనుకున్నప్పుడే మొదలుపెట్టాలి.

ప్రశ్న: మొదటి కాన్పు ఆపరేషనే. ఇప్పుడూ ఆపరేషన్ తప్పదన్నారు. “ఎలాగూ కోసేదే కదా, 37వ వారంలో మంచి నక్షత్రం ఉంది, ఆ రోజు తీయించుకుందాం” అంటున్నారు మామగారు. “ఏడో నెల పిల్లలే బతుకుతున్నారు, తొమ్మిదో నెలలో ఏమవుతుంది?” అని కూడా అంటున్నారు. — కరీంనగర్ నుంచి ఒక కోడలు

జవాబు: మామగారిది ప్రేమే, కాదనను. కానీ ఈ ముహూర్తానికి బిడ్డ ఊపిరితిత్తులు ఒప్పుకోవాలి. కడుపులో అవి గాలితో కాదు, నీటితో నిండి ఉంటాయి. నొప్పులు మొదలయ్యాక బిడ్డ ఒంట్లో కొన్ని హార్మోన్లు పెరుగుతాయి, వాటి ప్రభావంతో ఊపిరితిత్తులు ఆ నీటిని పీల్చేసుకోవడం మొదలుపెడతాయి. నొప్పులు రాకముందే, అదీ నెలలు పూర్తిగా నిండకముందే ఆపరేషన్ చేస్తే ఆ నీరు మిగిలిపోయి బిడ్డ ఆయాసపడవచ్చు. అప్పుడు మంచి నక్షత్రంలో పుట్టిన బిడ్డ తల్లి ఒళ్లో కాక ఆక్సిజన్ పెట్టె కింద ఉంటుంది. మెదడు మాటకొస్తే, 35వ వారంలో దాని బరువు నిండు నెలల నాటి బరువులో మూడింట రెండు వంతులే. ఆఖరి వారాల్లో బిడ్డ ఊరికే కూర్చుని ఉండదు.

“ఏడో నెల పిల్ల బతుకుతుంది, ఎనిమిదో నెల పిల్ల బతకదు” అన్న పాత మాట కూడా తప్పే. కడుపులో గడిపే ప్రతి వారం బిడ్డకు లాభమే. ఏడో నెలలో పుట్టిన పిల్లలు బతుకుతున్నారంటే ఆ ఘనత ఇంక్యుబేటర్లది, మందులది. బీపీ, ఉమ్మనీరు తగ్గడం, బిడ్డ ఎదుగుదల ఆగడం లాంటి కారణాలుంటే డాక్టరు ముందే తీస్తారు, దానికి భయపడొద్దు. అవేవీ లేకపోతే 39 వారాలు నిండాలి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు ఆపరేషన్లే. దేశం మొత్తం మీద 21.5 శాతం. ఇన్ని ఆపరేషన్లు జరిగేచోట తేదీ ఎవరు పెడుతున్నారన్నది చిన్న విషయం కాదు. మామగారిని పంచాంగంలో 39 నిండాక మంచిరోజు వెతకమనండి. ఆయన మాటా నిలుస్తుంది.

ప్రశ్న: మా అమ్మాయి డాలస్‌లో ఉంటుంది, ఏడో నెల. ప్రహ్లాదుడు కడుపులో ఉండే నారదుడి మాటలు విన్నాడంటారు కదా. మనవడికి తెలుగు వినిపించాలని హెడ్‌ఫోన్లు పొట్టకు పెట్టి పద్యాలు పెట్టమన్నాను. ఫలితం ఉంటుందా? — ఒక అమ్మమ్మ, గుంటూరు

జవాబు: వింటాడమ్మా. చెవి నిర్మాణం పూర్తయి 25వ వారం ప్రాంతంలో బిడ్డ శబ్దాలకు స్పందించడం మొదలవుతుంది. 1980లో అమెరికాలో డికాస్పర్, ఫైఫర్ అనే శాస్త్రవేత్తలు మూడు రోజులు కూడా నిండని పసికందులకు రబ్బరు పీక ఇచ్చి, చప్పరించే తీరును బట్టి తల్లి గొంతో, వేరే ఆవిడ గొంతో వినిపించేలా ఏర్పాటు చేశారు. పిల్లలు తల్లి గొంతు వినిపించేలా చప్పరింపు మార్చుకున్నారు. 2009లో వచ్చిన మరో పరిశోధన ఇంకా ముచ్చటైనది. ఫ్రెంచి తల్లుల పిల్లలు స్వరం పైకి లేపుతూ ఏడ్చారు, జర్మన్ తల్లుల పిల్లలు స్వరం దించుతూ ఏడ్చారు. ఆ భాషల బాణీలూ అవే.

అయితే బిడ్డకు అందేది అర్థం కాదు, బాణీ. తల్లి గొంతు గాలిలోంచే కాక ఆమె ఒంటిలోంచి కూడా లోపలికి చేరుతుంది, అందుకే బయటి గొంతులన్నిటికన్నా స్పష్టంగా వినిపిస్తుంది. హెడ్‌ఫోన్లు తీసేయమనండి, అంత దగ్గర నుంచి పెద్ద శబ్దం మంచిది కాదు. రోజూ మీరే ఫోన్ చేసి మీ అమ్మాయితో తీరిగ్గా తెలుగులో మాట్లాడండి. ఆమె మీకు ఇచ్చే జవాబులే మీ మనవడికి తొలి తెలుగు పాఠం.

ప్రశ్న: పుట్టినప్పుడు పాప 2 కిలోల 900 గ్రాములు. మూడో రోజున 2 కిలోల 700. పాలు చాలడం లేదని తేనె నాకించమంటున్నారు. — విజయనగరం

జవాబు: తేనె వద్దు. ఏడాది లోపు పిల్లలకు తేనె వల్ల బొట్యులిజం అనే ప్రమాదకరమైన జబ్బు రావచ్చు. చక్కెర నీళ్లూ వద్దు. పాప ఒంట్లో అదనంగా ఉన్న నీరు పోవడం వల్ల మొదటి రోజుల్లో బరువు తగ్గడం మామూలే. మీ పాప తగ్గింది దాదాపు 7 శాతం. 10 శాతం దాటితే, లేదా రెండు వారాలకు పుట్టినప్పటి బరువుకు చేరకపోతే డాక్టరుకు చూపించాలి.

మాయ బయటపడ్డాకే తల్లి ఒంట్లో పాలు పడమనే సంకేతం బలపడుతుంది, అందుకు రెండు నుంచి నాలుగు రోజులు పడుతుంది. అంతవరకు వచ్చే చిక్కటి ముర్రుపాలు చెంచాడే ఉన్నా పాపకు అది చాలు. రోగాలతో పోరాడే శక్తి అందులోనే ఎక్కువ. పాలు చాలుతున్నాయా అన్నది తడిపిన గుడ్డల లెక్క చెబుతుంది. ఐదో రోజు దాటాక రోజుకు ఆరుసార్లు తడిపితే నిశ్చింతగా ఉండండి.

ప్రశ్న: బాబుకు పసిరికలు. పొద్దున్నే ఎండలో పెడితే చాలంటున్నారు, నిజమేనా? — ఒంగోలు

జవాబు: ఈ మాటకు ఒక చరిత్ర ఉంది. 1950లలో ఇంగ్లండ్‌లోని రోచ్‌ఫోర్డ్ ఆసుపత్రిలో ఒక నర్సు పిల్లల్ని తోటలోకి తీసుకెళ్లేది. ఎండ తగిలినచోట చర్మం పచ్చదనం తగ్గి, కప్పి ఉంచినచోట అలాగే ఉండటం ఆమె గమనించింది. ఇప్పుడు ఆసుపత్రుల్లో వాడే నీలి దీపం చికిత్సకు దారి చూపింది అదే. కానీ ఎండ మోతాదు మన చేతిలో ఉండదు. బట్టలు విప్పి పడుకోబెడితే చలికో వేడికో బిడ్డ నీరసిస్తాడు. దానికి తోడు రక్తపరీక్ష ఆలస్యమవుతుంది.

నెలలు నిండి పుట్టిన పిల్లల్లోనూ సగానికి పైగా రెండో మూడో రోజున కాస్త పచ్చబడతారు. కడుపులో అవసరమైన అదనపు ఎర్రకణాలు ఇప్పుడు విచ్ఛిన్నమవుతుంటే, ఆ పనికి కాలేయం ఇంకా అలవాటు పడలేదన్నమాట. పుట్టిన 24 గంటల్లోపే పచ్చబడినా, అరచేతులు, అరికాళ్ల దాకా పాకినా, బిడ్డ మగతగా పాలు తాగకున్నా, మలం తెల్లగా పోయినా, రెండు వారాలు దాటినా ఇంట్లో ఉంచొద్దు. వెంటనే తీసుకెళ్లండి.

ప్రశ్న: మా అక్కకు బాబు పుట్టాడు. పేగు మెడలో వేసుకుని పుట్టాడట. మేనమామకు గండమని నన్ను లోపలికి రానివ్వడం లేదు. నూనెలో బాబు నీడ చూశాకే ముఖం చూడాలంటున్నారు. — ఒక మేనమామ, నల్లగొండ

జవాబు: బొడ్డుతాడు అర మీటరు పొడవుంటుంది. నీళ్లలో పల్టీలు కొట్టే పిల్లాడి మెడకు అది చుట్టుకోవడంలో వింత లేదు. నలుగురైదుగురు పిల్లల్లో ఒకరు అలాగే పుడతారు. అది గండమే అయితే మన జిల్లాల్లో మేనమామలే మిగలరు. కాన్పు చేసేవారు చాలాసార్లు దాన్ని వేలితో తప్పించి పక్కకు వేస్తారు, అంతే. పేగు బిగిసిందేమోనని చూసుకోవలసింది బిడ్డ గురించి, ఆ పని కాన్పుగదిలోనే అయిపోయింది.

కాదని గొడవపడకండి, నూనె గిన్నె తంతు ఐదు నిమిషాల్లో ముగించేయండి. ఆ తర్వాత చేతులు సబ్బుతో కడుక్కుని బాబును ఎత్తుకోండి. పసిబిడ్డ కళ్లకు దూరం ఆనదు. బాగా కనిపించేది 20 నుంచి 30 సెంటీమీటర్ల దూరమే. ఒళ్లో పడుకున్న బిడ్డకూ ఎత్తుకున్నవారి ముఖానికీ మధ్య ఉండేది సరిగ్గా అంతే. నూనెలో నీడ చూస్తే మీకు వాడు కనిపిస్తాడు. ఒళ్లోకి తీసుకుంటే వాడికి మీరు కనిపిస్తారు.