గర్భిణికి మధుమేహం – పుట్టే బిడ్డ గుండె, తట్టుకునే శక్తి

తెల్లవారకముందే పాలు పితికి కేంద్రానికి తెచ్చే వారిలో గర్భిణీ స్త్రీలు కూడా ఉంటారు. అందుచేత ఈ పాఠం పశువులను కాస్త పక్కన పెట్టి తల్లీబిడ్డల గురించి చెబుతున్నది.

పాలలో వెన్న ఎంత ఉన్నదో కంటితో చూచి చెప్పలేము, పరీక్ష చేయవలసిందే. గర్భిణి రక్తంలోని చక్కెర సంగతీ అంతే. చాలామందికి ఏ బాధా కనిపించదు. మావి నుండి వెలువడే కొన్ని హార్మోనులు తల్లి ఇన్సులిన్ పనికి అడ్డు తగులుతాయి. అందుకు సరిపడా అదనపు ఇన్సులిన్ ఊరనివారికి చక్కెర పెరుగుతుంది. ఇది మిఠాయిలు తిన్న పాపం కాదు కనుక అత్తగారు కోడలిని తప్పు పట్టవలసిన పని లేదు.

తల్లి రక్తంలోని చక్కెర మావిని దాటి బిడ్డను చేరుతుంది, తల్లి ఇన్సులిన్ మాత్రం దాటదు. ఎక్కువైన చక్కెరను వాడుకోవడానికి బిడ్డ క్లోమమే ఎక్కువ ఇన్సులిన్ తయారు చేస్తుందని డెన్మార్కు వైద్యుడు యోర్గెన్ పెడర్సన్ 1950 దశకంలో వివరించాడు. ఇన్సులిన్ పెరుగుదలకు కూడా ఎరువు వంటిది. బిడ్డ కొవ్వు పట్టి బరువెక్కుతుంది. నాలుగు కిలోల బిడ్డ పుట్టిందని ఊరంతా సంతోషిస్తుంది గాని, అంత బరువుకు కారణమేమిటో ఎవరూ అడగరు. తొమ్మిది దేశాలలో సుమారు 25,000 మంది గర్భిణులను పరిశీలించి 2008లో ప్రకటించిన అధ్యయనంలో, తల్లి చక్కెర పెరిగిన కొద్దీ బిడ్డ బరువూ, బిడ్డ ఇన్సులినూ పెరుగుతూనే ఉన్నట్లు తేలింది.

ఆ ఇన్సులిన్ గుండె కండరాన్ని కూడా పెంచుతుంది. ముఖ్యంగా గుండె కింది రెండు గదుల మధ్య గోడ మందమవుతుంది. చాలామంది బిడ్డలలో దీనివల్ల పైకి ఏమీ తెలియదు, కొన్ని నెలలలో గోడ మామూలు స్థితికి వస్తుంది. కొద్దిమందిలో మాత్రం రక్తం బయటకు పోయే దారి ఇరుకై ఆయాసం వస్తుంది. ఎకో పరీక్షలో ఇది కనిపిస్తుంది. గర్భానికి ముందునుంచే మధుమేహం ఉన్నవారి సంగతి వేరు. బిడ్డ గుండె మొదటి ఎనిమిది వారాలలోనే రూపుదిద్దుకుంటుంది కనుక, ఆ రోజులలో చక్కెర అదుపు తప్పితే గుండె నిర్మాణంలోనే లోపం రావచ్చు. అటువంటివారు గర్భం నిలవకముందే డాక్టరును కలవాలి.

ఇక పుట్టిన గంటల సంగతి. బొడ్డు కోయగానే తల్లి నుండి వచ్చే చక్కెర ఆగిపోతుంది, బిడ్డ ఒంట్లో ఇన్సులిన్ మాత్రం ఎక్కువగానే ఉంటుంది. మొదటి ఒకటి రెండు గంటలలోనే చక్కెర పడిపోవచ్చు. ఇటువంటి ఒత్తిడి వచ్చినప్పుడు మామూలు బిడ్డ శరీరం గ్లూకగాన్, ఎడ్రినలిన్ అనే హార్మోనులను విడిచి కాలేయంలో దాచిన చక్కెరను బయటకు తీస్తుంది. మధుమేహం ఉన్న తల్లి బిడ్డలో ఈ ఎదురు స్పందన మందకొడిగా ఉంటుంది. గుండె వేగం అవసరాన్నిబట్టి హెచ్చుతగ్గులయ్యే తీరు కూడా ఇటువంటి బిడ్డలలో తగ్గినట్లు కొన్ని పరిశోధనలలో కనిపించింది. బిడ్డ వణకడం, చెమట పట్టడం, నీలిబారడం, మగతగా ఉండి పాలు పట్టకపోవడం ప్రమాద సూచనలు. ఆలస్యమైతే మూర్ఛలు రావచ్చు, మెదడు దెబ్బతినవచ్చు. ఈనిన గేదెకు కాల్షియం తగ్గి పాలజ్వరం రావడం మనకు తెలుసు. ఈ బిడ్డలకు కాల్షియం కూడా తగ్గవచ్చు.

కనుక కాన్పు ఆసుపత్రిలోనే జరగాలి. దూడకు జున్నుపాలు తాగించడానికి తొందరపడే మనం, బిడ్డకు గంటలోపు ముర్రుపాలు పట్టించడానికి కూడా అంతే తొందరపడాలి. తేనె నాకించరాదు, పంచదార నీళ్లు పోయరాదు. బిడ్డ చక్కెరను మడమ నుండి ఒక బొట్టు రక్తం తీసి చూస్తారు.

తల్లికి చేసే పరీక్ష సులభం. 75 గ్రాముల గ్లూకోజు నీటిలో కలిపి తాగిస్తారు. పరగడుపున ఉండనక్కరలేదు. రెండు గంటల తరువాత 100 మి.లీ. రక్తంలో 140 మి.గ్రా. లేక అంతకు మించి ఉంటే మధుమేహంగా లెక్కిస్తారు. మొదటిసారి చూపించుకున్నప్పుడే చేయించుకోవాలి, అప్పుడు లేకపోతే 24–28 వారాల మధ్య మళ్లీ చేయించాలి. చాలామందికి ఆహార నియమం, నడక సరిపోతాయి, చాలనివారికి మందు ఇస్తారు. పాలు మానవలసిన పని లేదు, పంచదార వేయకుండా, డాక్టరు చెప్పిన కొలతలో తాగవచ్చు. పొద్దుటి పాలు పోసి నేరుగా ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పోతే, సాయంత్రం పాలు పితికే వేళకు ఇంటికి రావచ్చు. కాన్పు అయిన ఆరు వారాలకు తల్లి ఇదే పరీక్ష మరొకసారి చేయించుకోవాలి.