చలి పైనుంచి రాదు, కిందనుంచి వస్తుంది
(సెల్ఫ్ ఇన్‌ఫ్లేటింగ్ స్లీపింగ్ ప్యాడ్ ఎంచుకోవడం ఎలా?)

పోయిన డిసెంబర్‌లో మేం నలుగురం లంబసింగి వెళ్ళాం. బ్యాగుల నిండా రగ్గులు, స్వెటర్లు, మంకీ క్యాపులు. కప్పుకోవడానికి కావలసినవన్నీ ఉన్నాయి. కింద వేసుకోవడం గురించి మాత్రం ఎవరం ఆలోచించలేదు. నా దగ్గర ఒక యోగా మ్యాట్ ఉంది, మా రూమ్మేట్ దగ్గర ఒక పల్చటి దుప్పటి ఉంది. టెంట్లు వేసి, మంట దగ్గర కబుర్లు చెప్పుకుని, పదకొండింటికి పడుకున్నాం.

రాత్రి రెండింటికి రూమ్మేట్ నన్ను లేపాడు. "రేయ్, నడుం కింద ఎవరో ఐసుగడ్డ పెట్టినట్టుందిరా" అన్నాడు. వాడి మీద అప్పటికే రెండు రగ్గులున్నాయి. నాది కూడా ఇచ్చేశా. పది నిమిషాలైనా వణుకు తగ్గలేదు సరికదా, మాట కూడా ముద్దముద్దగా రావడం మొదలైంది. నిజంగా భయమేసింది. మిగతా ఇద్దరినీ లేపి, అందరి బ్యాగులూ ఖాళీ చేసి, ఉన్న బట్టలన్నీ వాడి కిందకి తోశాం. వాడు కప్పుకున్న రగ్గుల్లో రెండు తీసి, మడతపెట్టి అవి కూడా కిందే వేశాం. అంటే వాడి మీద ఉన్నది తగ్గింది. అయినా అరగంటలో వణుకు ఆగింది.

పైన తగ్గిస్తే వెచ్చబడ్డాడు! ఇదెలా కుదిరిందో ఆ రాత్రి అర్థం కాలేదు. ఈ సంవత్సరం జూనియర్స్ కూడా వస్తామంటున్నారు. ఏమేం తెచ్చుకోవాలో గ్రూప్‌లో లిస్టు పెట్టాల్సింది నేనే. అందుకే ఈసారి కూర్చుని చదివా. తెలుసుకున్నది మీకూ పాఠంలా చెప్తా.

1. రగ్గు ఎందుకు పనిచేయలేదు?

రగ్గు గానీ స్లీపింగ్ బ్యాగ్ గానీ సొంతంగా వేడి పుట్టించవు. వేడి పుట్టేది మన ఒంట్లోనే. రగ్గు చేసేదల్లా తన పోగుల మధ్య గాలిని కదలకుండా పట్టుకోవడం. కదలని గాలిలోంచి వేడి చాలా నెమ్మదిగా పోతుంది. అదే మనకి వెచ్చదనం.

ఇప్పుడు స్లీపింగ్ బ్యాగ్‌లో పడుకున్నారనుకోండి. మీ పైనున్న భాగం పొంగి ఉంటుంది, అందులో గాలి ఉంటుంది. మీ వీపు కిందున్న భాగం మాత్రం మీ బరువుకి అప్పడంలా అణిగిపోతుంది. గాలంతా బయటికి పోతుంది. ఇక మీ వీపుకీ నేలకీ మధ్య మిగిలింది రెండు పొరల బట్ట. నేలేమో ఎంత వేడి ఇచ్చినా తాగేస్తూనే ఉంటుంది, అందులోనూ మంచుకి తడిసిన నేల ఇంకా త్వరగా తాగుతుంది. స్కూల్లో సైన్సులో ఉష్ణవహనం అని చదువుకున్నామే, అదే ఇది.

కాబట్టి పైన ఎన్ని కప్పినా కిందున్న కన్నం పూడదు. బకెట్‌కి అడుగున చిల్లి పెట్టుకుని పైన మూత బిగించినట్టే.

2. సెల్ఫ్ ఇన్‌ఫ్లేటింగ్ ప్యాడ్ అంటే ఏంటి?

స్లీపింగ్ ప్యాడ్స్ ముఖ్యంగా మూడు రకాలు.

మొదటిది ఫోమ్ షీటు. ఇందులో ఫోమ్ గదులు ఒక్కొక్కటీ మూసుకుని ఉంటాయి. తేలిక, చవక. ముల్లు గుచ్చుకున్నా ఏమీ కాదు. కానీ గట్టిగా ఉంటుంది, చుడితే పెద్ద దుంగలా తయారవుతుంది.

రెండోది గాలి ప్యాడ్. నోటితోనో పంపుతోనో ఊదాలి. మెత్తగా ఉంటుంది, మడిస్తే చిన్నదైపోతుంది. చిల్లి పడితే మాత్రం పూర్తిగా నేలమీదే.

మూడోది మన సెల్ఫ్ ఇన్‌ఫ్లేటింగ్ ప్యాడ్. ఇది ఆ రెంటికీ పుట్టిన బిడ్డ. గాలి చొరబడని బట్ట సంచి, దాని లోపల గదులు తెరిచి ఉండే ఫోమ్, మూలకి ఒక వాల్వ్. ఫోమ్ పైనా కిందా బట్టకి అంటుకుని ఉంటుంది. గిన్నెలు తోమే స్పాంజిని పిండి నీళ్ళలో వదిలితే ఏమవుతుంది? అది ఉబ్బుతూ నీళ్ళు పీల్చుకుంటుంది. ఇక్కడా అంతే, నీళ్ళ బదులు గాలి. చుట్టి ఉన్న ప్యాడ్ విప్పి వాల్వ్ తెరిస్తే ఫోమ్ తన పాత ఆకారానికి రావాలని చూస్తుంది, లోపల ఒత్తిడి తగ్గుతుంది, బయటి గాలి దానంతటదే లోపలికి వస్తుంది. చివర్లో ఒక నాలుగైదు ఊపులు మనం ఊది వాల్వ్ మూసేస్తే సరి.

దీని పుట్టుక వెనక ఇంజనీర్లే ఉన్నారు. 1970ల మొదట్లో అమెరికాలోని సియాటిల్‌లో బోయింగ్ కంపెనీ వేలమందిని తీసేసింది. అలా పని పోయిన జిమ్ లీ, నీల్ ఆండర్సన్ ఇద్దరూ కొండలెక్కే అలవాటున్నవాళ్ళు. మరో స్నేహితుడితో కలిసి 1972లో క్యాస్కేడ్ డిజైన్స్ అనే కంపెనీ పెట్టి 'థర్మ్-ఎ-రెస్ట్' అనే ప్యాడ్ తెచ్చారు. ఫోమ్‌ని గాలి చొరబడని సంచిలో మూసేస్తే రెండు లాభాలూ వస్తాయన్నదే వాళ్ళ ఐడియా. ప్లేస్‌మెంట్ల టెన్షన్‌లో ఉన్న మనకి ఈ కథ కొంచెం ధైర్యం కూడా ఇస్తుంది.

3. చూడాల్సిన మొదటి అంకె: ఆర్-వాల్యూ

షాపింగ్ యాప్‌లో వెతికితే అందరూ ముందు చూపించేది మందం. అయిదు సెంటీమీటర్లు, పది సెంటీమీటర్లు అని. మందం మెత్తదనం చెబుతుంది, వెచ్చదనం చెప్పదు. లోపల ఏమీ లేని గాలి పరుపు పది సెంటీమీటర్లున్నా చల్లగానే ఉంటుంది. ఎందుకంటే అందులో గాలి అటూ ఇటూ తిరుగుతూ పైనున్న వేడిని కిందకి మోసేస్తుంది. ఫోమ్ పని ఆ గాలిని తిరగనివ్వకపోవడమే.

వెచ్చదనం చెప్పేది ఆర్-వాల్యూ. వేడి పోకుండా ప్యాడ్ ఎంత అడ్డుకుంటుందో చెప్పే అంకె అది. ఎక్కువైతే ఎక్కువ వెచ్చన. ఒకప్పుడు ఒక్కో కంపెనీ ఒక్కో రకంగా కొలిచేది. ఇప్పుడు ఏఎస్‌టీఎమ్ ఎఫ్3340 అనే ఒకే పరీక్ష ఉంది. ప్యాడ్‌ని ఒక వేడి ప్లేటుకీ ఒక చల్లటి ప్లేటుకీ మధ్య పెట్టి, పై ప్లేటు వేడి తగ్గకుండా ఉంచడానికి ఎంత శక్తి కావాలో కొలుస్తారు. ఈ పరీక్ష పేరు రాసి ఉన్న ప్యాడ్లని ఒకదానితో ఒకటి ధైర్యంగా పోల్చవచ్చు.

ఇప్పుడు చిన్న లెక్క. మన వీపు దగ్గర చర్మం 33 డిగ్రీలు, నేల 8 డిగ్రీలు అనుకుందాం. తేడా 25. నేలని తాకే ఒంటి భాగం సుమారు 0.4 చదరపు మీటర్లు అనుకుందాం. యూనిట్లు మార్చి సర్దితే చివరికి ఒక సులువైన సూత్రం మిగులుతుంది: 57ని ఆర్-వాల్యూతో భాగిస్తే, కిందకి పోయే వేడి వాట్లలో వస్తుంది.

ఆరు మిల్లీమీటర్ల యోగా మ్యాట్ ఆర్-వాల్యూ నా అంచనాలో 0.85. పోయే వేడి 67 వాట్లు.
ఆర్-వాల్యూ 2 అయితే దాదాపు 28 వాట్లు.
3 అయితే 19.
4 అయితే 14.
6 అయితే 9 నుంచి 10.

నిద్రలో మన ఒళ్ళు పుట్టించే వేడి మొత్తం సుమారు 80 వాట్లు. ఇప్పుడు యోగా మ్యాట్ లైను మళ్ళీ చూడండి. ఇది ఉజ్జాయింపు లెక్కే. వేసుకున్న బట్టలు, కిందున్న దుప్పటి కొంత ఆపుతాయి, నేల కూడా కాసేపటికి కొంచెం వేడెక్కుతుంది. అయినా సంగతి తెలిసిపోతోంది. ఆ రాత్రి నా రూమ్మేట్ కింద యోగా మ్యాట్ కూడా లేదు.

ఈ లెక్కలో ఇంకో విషయం ఉంది. 0.85 నుంచి 2కి వెళ్తే దాదాపు 40 వాట్లు మిగులుతాయి. 4 నుంచి 6కి వెళ్తే మిగిలేది నాలుగైదు వాట్లే. డబ్బులు మాత్రం ఆ చివరి మెట్టుకే ఎక్కువ పెట్టాలి. లంబసింగి, అరకు లాంటి చోట్ల శీతాకాలం రాత్రికి 3 దగ్గర ఉంటే హాయిగా సరిపోతుంది. చలి ఎక్కువ తెలిసేవాళ్ళు 4 తీసుకోవచ్చు. హిమాలయాల్లో మంచు మీద పడుకునేవాళ్ళకి చేసిన 6 మనకి అక్కర్లేదు.

మరో మంచి సంగతి, ఆర్-వాల్యూలు కలుస్తాయి. 2 ఉన్న ఫోమ్ షీటు మీద 3 ఉన్న ప్యాడ్ వేస్తే 5. కొత్తది కొనే ముందు ఇంట్లో ఏముందో చూసుకోండి.

4. మిగతావి వరసగా

మందం: వెల్లకిలా పడుకునేవాళ్ళకి రెండున్నర నుంచి నాలుగు సెంటీమీటర్లు చాలు. పక్కకి తిరిగి పడుకునేవాళ్ళకి తుంటి, భుజం నేలకి తగలకుండా అయిదు లేదా అంతకంటే ఎక్కువ ఉంటే మంచిది.

సైజు: మామూలుగా పొడవు 183, వెడల్పు 51 సెంటీమీటర్లు. ఆరడుగులు దాటినవాళ్ళు పెద్ద సైజు చూసుకోవాలి. ఇద్దరి టెంటులో రెండు వెడల్పు ప్యాడ్లు పట్టకపోవచ్చు, టెంటు కొలత ముందే చూడండి.

బరువు: చివరి వరకూ బండి వెళ్ళే చోటైతే కిలోన్నర ఉన్నా పర్లేదు. నడిచి ఎక్కాలంటే కిలో లోపు వెతకండి. బరువు తగ్గించడానికి కొన్నింటిలో ఫోమ్‌లో కన్నాలు తీస్తారు. తేలికవుతుంది, కానీ కన్నాలు పెద్దవైతే వెచ్చదనం కూడా తగ్గుతుంది. అందుకే మళ్ళీ ఆర్-వాల్యూనే చూడాలి.

బట్ట: డెనియర్ అనే అంకె పెద్దదైతే దారం లావు, గట్టిదనం ఎక్కువ. మన పక్క నేలంతా పల్లేరు కాయలు, తుమ్మముళ్ళు. మరీ పల్చటిది మనకి పనికిరాదు.

నమ్మకూడనిది: ఆర్-వాల్యూ చెప్పకుండా "మైనస్ 10 డిగ్రీల వరకూ" అని మాత్రమే రాసిన పేజీ. ఆ అంకె ఎలా వచ్చిందో మనకి తెలిసే దారి లేదు.

5. కొన్న తర్వాత

కొత్త ప్యాడ్ నెలల తరబడి చుట్టి ఉంటుంది కాబట్టి మొదటిసారి సరిగ్గా ఉబ్బదు. ట్రిప్‌కి ముందురోజే విప్పి, వాల్వ్ తెరిచి, రాత్రంతా వదిలేయండి. అదే రాత్రి హాస్టల్ గచ్చు మీద ఒకసారి పడుకుని చూడండి. లోపం ఉంటే కొండమీద కాదు, రూంలోనే తెలియాలి.

టెంటు వేసే ముందు నేల చేత్తో తడిమి ముళ్ళు, రాళ్ళు ఏరండి. చిల్లి పడితే సైకిల్ పంక్చర్ షాపులో చేసేదే చేయాలి: సబ్బునీళ్ళు రాస్తే బుడగలు వచ్చిన చోటే చిల్లి. తుడిచి, ఆరబెట్టి, ప్యాచ్ వేయాలి. ప్యాచ్ కిట్ ప్యాడ్ సంచిలోనే పెట్టుకోండి. నిండా గాలి ఉన్న ప్యాడ్‌ని ఎండలో వదలొద్దు. గాలి వేడికి వ్యాకోచించి ఫోమ్, బట్ట విడిపోవచ్చు. ఇంటికొచ్చాక చుట్టి దాచకుండా, వాల్వ్ తెరిచి మంచం కింద పరిచి ఉంచండి. ఎప్పుడూ అణిచి ఉంచితే ఫోమ్ మళ్ళీ లేవడం మర్చిపోతుంది.

చివరగా

సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు ఈ లెక్కంతా మా తాతయ్యకి గొప్పగా చెప్పా. ఆయన మొత్తం విని, "చేలో కాపలాకి పడుకునేటప్పుడు మేం వరిగడ్డి జానెడు మందాన పరిచి, మీద గోనెపట్టా వేసేవాళ్ళం రా. ఒంటిమీద ఒక్క దుప్పటే. కింద చలి ఆగితే పైన చలి ఎంతని?" అన్నాడు.

వరిగడ్డి బోలుగా ఉంటుంది. గడ్డిపోచ లోపల గాలి, పోచల మధ్య గాలి, మీద గోనెపట్టా. జిమ్ లీ సంచిలో మూసిపెట్టిందీ ఆ గాలినే. తేడా అల్లా, ఇది చుట్టి బ్యాగులో పెట్టుకోవచ్చు.

ప్యాడ్ కొనలేనివాళ్ళు కూడా జూనియర్స్‌లో ఉంటారు, నాకు తెలుసు. అందుకే గ్రూప్‌లో పెట్టబోయే లిస్టులో మొదటి లైను ఇలా రాసుకున్నా: "కప్పుకోవడానికి ఒకటి తెస్తే, పరుచుకోవడానికి రెండు తెండి." ప్యాడ్ ఉంటే ప్యాడ్, లేకపోతే ఫోమ్ షీటు, అదీ లేకపోతే అట్టపెట్టెలు, ఎండుగడ్డి. ఏదైనా సరే, వీపుకీ నేలకీ మధ్య కదలని గాలి ఉండాలి. ఈసారి రాత్రి రెండింటికి ఎవరూ ఎవర్నీ లేపాల్సిన పని రాకూడదు.