పాడువారి గొంతు

పాఠశాల వార్షికోత్సవము సమీపించినతోడనే మనయొద్ద పాటల సాధన మొదలగును. పగలు తరగతిలో అప్పజెప్పుట, సాయంకాలము ఆటస్థలమున కేకలు, చీకటిపడిన పిమ్మట గానసాధన. ఇన్నిటికిని ఉన్నది ఒక్కటే గొంతు. ఉత్సవము నాటికి కొందఱి గొంతులు బొంగురుపోవుట మాకు వాడుకయైపోయినది. గత సంవత్సరము ఎనిమిదవ తరగతి బాలిక యొకతె ఇట్లు బొంగురు గొంతుతో రాగా, "మిరియాల పాలు త్రాగుము, వేకువనే లేచి ఇంకను గట్టిగా సాధన చేయుము, గొంతు విచ్చుకొనును" అని చెప్పి పంపితిమి. ఆ బిడ్డ మా మాట అక్షరాల పాటించినది. నెలన్నర గడచినను గొంతు బాగుపడలేదు. తుదకు తల్లి పట్టుబట్టి వైద్యునికి చూపింపగా, స్వరతంత్రులమీద కాయలు కాచినవని తేలినది. పాట నేర్పు మేము పాట పుట్టు చోటునుగూర్చి ఎంత తక్కువ యెఱుగుదుమో అప్పుడు మాకు తెలిసివచ్చినది.

మెడముందు చేతికి తగులు గట్టి భాగములోపల, శ్వాసనాళమునకు పైన, రెండు మెత్తని మడతలు ఎదురెదురుగా నుండును. ఇవియే స్వరతంత్రులు. ఎదిగిన పురుషునియందైనను వీని నిడివి ఇంచుమించు రెండు సెంటీమీటర్లు మాత్రమే; స్త్రీలయందు ఇంకను తక్కువ. క్రిందినుండి శ్వాస త్రోయగా ఇవి కలియుచు విడిపోవుచు కంపించును. సెకనుకు 440 కంపనములుగల స్వరమును ఒక బాలిక పది సెకనులు నిలిపెనేని, ఆ తంత్రులు 4,400 మార్లు ఒకదానినొకటి తాకినవన్నమాట. పార పట్టిన చేతికి కాయలు కాచినట్లే, బలవంతముగా అఱచి పాడువారి తంత్రులకును కాయలు కాయును. అప్పుడవి సరిగా మూసికొనజాలవు; సందునుండి గాలి జాఱును; స్వరము బొంగురగును. అట్టిదానికి మేము విధించిన మందు మఱింత సాధన!

మిరియాల పాలును గుఱించియు ఒకమాట. మ్రింగిన దేదియు తంత్రులను తాకదు, తాకినచో పొలమారును. పాలు గొంతుకకు హాయి నిచ్చునేగాని కాయలను కరగింపజాలవు. నీరు తగినంత త్రాగుట మాత్రము మేలే. అది దేహమంతటితోపాటు తంత్రులను తడిగా నుంచును. బొంగురు గొంతుతో పట్టిపట్టి గుసగుసలాడుటయు విశ్రాంతి కాదు.

బ్రదికియున్న మనుష్యుని స్వరతంత్రులు పనిచేయు తీరును మొదట స్పష్టముగా చూచి వర్ణించిన కీర్తి వైద్యునికి గాక, ఒక సంగీతోపాధ్యాయునికి దక్కినది. ఆయన పేరు మాన్యుయెల్ గార్సియా, స్పెయిను దేశస్థుడు, 1805లో జన్మించెను. 1841లో జెన్నీ లిండ్ అను స్వీడను దేశపు యువగాయని, నాటకశాలలలో పాడి పాడి అలసిన గొంతుతో పారిసు నగరమున నాయనయొద్దకు వచ్చినది. ఆయన పాఠము మొదలుపెట్టలేదు. కొన్ని వారములు పాడనేవద్దని శాసించెను. విశ్రాంతి పిమ్మటనే శిక్షణము. తరువాత ఆమె ఐరోపాయందును అమెరికాయందును ఎట్టి ఖ్యాతి గాంచినదో లోకమెఱుగును. అయినను ఆనాడు గార్సియా చెవితో నిర్ణయించెనేగాని కంటితో చూడలేదు. 1854లో దంతవైద్యులు వాడు పొడవుపిడి అద్దమును తన నోటిలోపలికి చేర్చి, చేతి అద్దముతో సూర్యకాంతిని దానిపైకి మరలించి, తన తంత్రులను తానే చూచెను. మఱుసటి సంవత్సరము ఈ పరిశీలనను లండను రాయల్ సొసైటీకి నివేదించెను. నూటొకటవ యేట, 1906లో, ఆయన గతించెను.

ఆ యద్దమునకు బదులు నేడు సన్నని గొట్టమునకు కెమేరా నమర్చి ముక్కుగుండనో నోటిగుండనో చూచుచున్నారు. తటతట వెలుగు దీపముతో చూచినయెడల, వందలమార్లు కదలు తంత్రులు మెల్లగా కదలుచున్నట్లు కనబడును. దీనిని స్ట్రోబోస్కోపు పరీక్ష యందురు. పాడువారు అడుగవలసినది ఇదియే: "తంత్రులను చూచితిరా?" అని. చూడక మందు వ్రాయించుకొని మరలివచ్చుట కంటె, చూడగల చోటును వెదకుట మేలు. బొంగురు మూడు వారములు దాటినచో చెవి, ముక్కు, గొంతు వైద్యునియొద్దకు పోవలెను. పాడుచుండగా స్వరము హఠాత్తుగా పోయినచో తంత్రిలో రక్తము చిమ్మియుండవచ్చును. తక్షణమే మౌనము వహించి, జాగుచేయక చూపించుకొనవలెను. హైదరాబాదులో కోఠియందును, విశాఖపట్టణమునందును ఈ వ్యాధులకే ప్రత్యేకించిన ప్రభుత్వ వైద్యశాలలు కలవు. మైసూరులో 1965లో ఆరంభమైన అఖిలభారత వాక్ శ్రవణ సంస్థ స్వరచికిత్సకులకు శిక్షణ నిచ్చుచున్నది.

చికిత్స యనగా కత్తియని తల్లిదండ్రులు భయపడుదురు. కాయలు చాలవఱకు విశ్రాంతితోను, స్వరచికిత్సకులు నేర్పు అభ్యాసములతోను తగ్గును. శస్త్రచికిత్స అవసరమైన సందర్భములును లేకపోలేదు. అది సులువని మాత్రము తలపరాదు. ప్రఖ్యాత నటి, గాయని జూలీ ఆండ్రూస్ 1997లో గొంతుకు శస్త్రచికిత్స జరిగిన పిమ్మట తన పూర్వపు గానస్వరమును తిరిగి పొందలేదు.

పండ్రెండు మొదలు పదునైదేండ్ల బాలురకు గొంతు మాఱుట రోగము కాదు. వారి తంత్రులు పెరుగుచున్నవి. స్వరము ఇంచుమించు ఒక స్థాయి దిగును. ఆ నెలలలో వారిచేత పైస్వరములు పట్టించుట మానితిమి.

ఆ బాలికకు కత్తి అవసరపడలేదు. స్వరచికిత్సకురాలు వారమున కొకమారు అభ్యాసము నేర్పగా, వేసవి సెలవులు ముగియునాటికి గొంతు తేటపడినది. ఈ సంవత్సరము గానబృందమున మరల నిలిచినది. సాధన ముప్పావుగంట దాటగానే గోడగడియారమువైపు వ్రేలు చూపును; మేమును హార్మోనియము మూయుదుము.