హ్యామ్‌స్టర్ తోక తడిగా కనిపిస్తే: పెట్ షాప్‌లో పనిచేసేవాళ్లకు

పెట్ షాప్‌లో కొత్తగా చేరినవాళ్లకు ముందుగా అప్పజెప్పేది బోనులు కడగడం, మేత వేయడం. జబ్బుపడిన హ్యామ్‌స్టర్ బతకాలంటే ఆ పని చేసే మనిషి కళ్లు చురుగ్గా ఉండాలి. అందరూ 'వెట్ టెయిల్' అని పిలిచే పేగు జబ్బు వస్తే, లక్షణాలు బయటపడ్డ ఒకటి నుంచి మూడు రోజుల్లోనే పిల్ల చనిపోవచ్చు. యజమానో డాక్టరో చూసేలోపు దాన్ని చూడగలిగేది మీరే.

దీనికి ప్రధాన కారణం లాసోనియా ఇంట్రాసెల్యులారిస్ అనే బాక్టీరియా. చిన్నపేగు చివరి భాగంలో కణాల లోపలికి చేరి పెరుగుతుంది. పేగు గోడ దళసరెక్కి, నీటినీ ఆహారాన్నీ సరిగా పీల్చుకోలేకపోతుంది. ఎక్కువగా దెబ్బతినేవి సిరియన్ హ్యామ్‌స్టర్లు, అందులోనూ 3 నుంచి 10 వారాల పిల్లలు. షాప్‌కు వచ్చే పిల్లలదీ సరిగ్గా ఆ వయసే. తల్లిపాలు అప్పుడే మానుతాయి, అట్టపెట్టెలో ఊళ్లు దాటి వస్తాయి, అలవాటు లేని మేత తింటాయి, ఇరుకు బోనులో ఒకదాని మీద ఒకటి పడుకుంటాయి. ఆ ఒత్తిడిలోనే జబ్బు బయటపడుతుంది.

హ్యామ్‌స్టర్ పగలు నిద్రపోతుంది. అందుకే జబ్బుతో ముడుచుకుపోయిన పిల్లను కూడా 'పడుకుందిలే' అని వదిలేస్తుంటారు. రోజూ సాయంత్రం, అవి లేచి తిరిగే వేళ, ఒక్కొక్కదాన్నీ విడిగా చూడండి. మేత ముట్టకపోవడం, వీపు గూనిలా వంచి కూర్చోవడం, బొచ్చు చిందరవందరగా నిక్కబొడుచుకోవడం, కళ్లు మసకబారడం, ముట్టుకుంటే చిరాకుపడి కరవబోవడం తొలి గుర్తులు. తర్వాత నీళ్ల విరేచనాలు మొదలై తోక చుట్టూ, పొట్ట కింద బొచ్చు తడిసి అట్టకడుతుంది, దుర్వాసన వస్తుంది. మలద్వారం నుంచి ఎర్రగా పేగు బయటికి వస్తే ఒక్క గంట కూడా ఆగకూడదు. చిన్న డిజిటల్ తక్కెడ పెట్టుకుని బరువులు రాసుకుంటే ఇంకా ముందే తెలుస్తుంది. పెరుగుతున్న పిల్ల బరువు తగ్గిందంటే ఏదో తేడా ఉన్నట్టే.

తడి కనిపించిన ప్రతిసారీ ఈ జబ్బే కానక్కర్లేదు. ఆడ హ్యామ్‌స్టర్‌కు దాదాపు నాలుగు రోజులకోసారి చిక్కటి తెల్లని స్రావం, వాసనతో సహా వస్తుంది. అది మామూలే. కీరా ముక్కలు ఎక్కువ తిన్న పెద్ద హ్యామ్‌స్టర్‌కు మలం కొంచెం మెత్తబడవచ్చు, కానీ అది హుషారుగా చక్రం తిప్పుతూనే ఉంటుంది. నీరసం, విరేచనం రెండూ కలిస్తే మాత్రం ఆలోచించకుండా కదలండి.

వెంటనే ఆ పిల్లను వేరే బోనులోకి మార్చండి. బోనులో ఒక పక్క మాత్రమే గోరువెచ్చగా ఉంచండి, వేడి ఎక్కువైతే అది అవతలికి జరగగలగాలి. తర్వాత డాక్టర్‌కు ఫోన్ చేయండి. చిన్న జంతువులను చూసే డాక్టర్ నంబరు, మీ ఊళ్లో ఎవరూ లేకపోతే దగ్గర్లోని వెటర్నరీ కళాశాల ఆసుపత్రి నంబరు ముందే గోడ మీద రాసిపెట్టుకోవాలి. డాక్టర్ చర్మం కింద ద్రవాలు ఎక్కిస్తారు, సరైన యాంటీబయాటిక్ ఎంచి బరువును బట్టి మోతాదు కడతారు, సిరంజితో మేత పట్టించడం నేర్పిస్తారు. ఇంత చేసినా అన్నీ బతకవు. మొదటి రోజే వెళితే అవకాశం ఎక్కువ.

ఒక్క విషయం మాత్రం గట్టిగా చెప్పాలి. పక్కనున్న మెడికల్ షాప్‌లో అమాక్సిసిలిన్ కొని నీళ్లలో కలిపి పట్టించకండి. పెన్సిలిన్ జాతి మందులు, క్లిండమైసిన్, ఎరిత్రోమైసిన్ వంటివి హ్యామ్‌స్టర్ పేగుల్లోని మేలు చేసే సూక్ష్మజీవులను చంపేస్తాయి. ఆ ఖాళీలో క్లాస్ట్రిడియం పెరిగి విషం విడుదల చేస్తుంది. జబ్బుతో చావని పిల్ల మందుతో చస్తుంది. మనుషుల విరేచనాల మాత్రలు కూడా డాక్టర్ చెప్పకుండా వేయకూడదు.

ఆ బోనులోని మిగతా పిల్లలను రెండు వారాలు అమ్మకానికి పెట్టకండి. యజమానికి ఇది నచ్చకపోవచ్చు, అయినా చెప్పి తీరాలి. 2018 నాటి కేంద్ర పెట్ షాప్ నిబంధనల్లో పెంపుడు జంతువుల జాబితాలో హ్యామ్‌స్టర్ పేరు ఉంది, షాప్ రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు దగ్గర రిజిస్టర్ కావాలి. కాబట్టి ఏ పిల్లకు ఎప్పుడు జబ్బు చేసింది, ఎవరికి చూపించారు అన్నది తారీఖుతో రాసిపెట్టండి, ఆ రాత మీకూ రక్షణే. పాత పొట్టు, చెక్క బొమ్మలు పారేయండి. బోను, నీళ్ల సీసా సబ్బుతో కడిగి, డిసిన్ఫెక్టెంట్ పట్టించి, మళ్లీ కడిగి పూర్తిగా ఆరనివ్వండి. ఆరోగ్యంగా ఉన్న బోనుల పని ముందు, జబ్బు బోను పని చివర. ప్రతిసారీ చేతులు కడుక్కోండి, హ్యామ్‌స్టర్ విరేచనంలో మనుషులకు సోకే సాల్మొనెల్లా కూడా ఉండవచ్చు.

కొనేవాళ్లకు ఇక్కడ తింటున్న మేతే ఒక పొట్లం కట్టివ్వండి. దాన్నే పెడుతూ కొత్త మేత కొద్దికొద్దిగా కలపమనండి. మొదటి రెండు మూడు రోజులు పిల్లల చేతికి ఇవ్వొద్దని, సిరియన్ రకం ఒంటరిగానే ఉంటుంది కాబట్టి బోనుకు ఒక్కటే ఉంచమని చెప్పండి. తోక దగ్గర తడి కనిపిస్తే ముందు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లి, ఆ తర్వాత షాప్‌కు ఫోన్ చేయమనండి.