మొదటి ఐదు మ్యాచ్‌లు – మొదటి త్రైమాసికం

రాయ్‌పూర్‌కు బదిలీపై వచ్చిన కొత్తలో తెలుగులో మాట్లాడటానికి నలుగురు దొరికితే చాలనుకున్నాను. ఎనిమిది మందిమి అయ్యాం. ముగ్గురం బ్యాంకు వాళ్లం, ఇద్దరు రైల్వే, ఒకరు కాలేజీ లెక్చరరు, ఒకరు మందుల వ్యాపారి, ఒకరు భిలాయ్ స్టీల్ ప్లాంటులో పనిచేసి రిటైరైన పెద్దాయన. 2025 మార్చిలో, ఐపీఎల్ మొదలయ్యే ముందు, మేమంతా కలిసి ఒక ఫాంటసీ లీగ్ పెట్టుకున్నాం. ఆ లీగ్ తొలి మూడు వారాల్లో నేను చేసిన పొరపాట్లే ఈ వ్యాసానికి ముడిసరుకు. ఎంబీఏలో సగటు, విచలనం, నమూనా పరిమాణం చదివి పరీక్ష రాసినవాణ్ని. అయినా పాఠం తలకెక్కింది మాత్రం ఇక్కడే.

ఈ ఆట ఎక్కడిది?

ఫాంటసీ ఆట క్రికెట్‌లో పుట్టింది కాదు. 1980లో అమెరికాలో డేనియల్ ఓక్రెంట్ అనే రచయిత, ఆయన స్నేహితులు బేస్‌బాల్ మీద ఇలాంటి లీగ్ నడిపారు. ఒక్కొక్కరు పరిమిత బడ్జెట్‌లో ఆటగాళ్లను వేలంలో కొనుక్కోవాలి. అసలు మ్యాచ్‌లలో ఆ ఆటగాళ్లు చేసిన ప్రదర్శనే వీళ్ల స్కోరు. న్యూయార్క్‌లో వాళ్లు కలుసుకునే రెస్టారెంటు పేరు మీదే దానికి ‘రొటిస్సరీ లీగ్’ అనే పేరొచ్చింది.

మా లీగ్ ఇంకా సులువు. ఒక్కొక్కరికి పదకొండు మంది ఆటగాళ్లు. పరుగుకు ఒక పాయింటు, వికెట్‌కు పాతిక, క్యాచ్‌కు పది. కెప్టెన్ పాయింట్లు రెట్టింపు. నెలకు మూడు మార్పులు మాత్రమే. ఒక ఆటగాడు ఒకే జట్టులో ఉండాలి. లెక్కంతా లెక్చరరుగారి ఎక్సెల్ షీటులో. పైసా పందెం లేదు. ఆదివారం సాయంత్రం ఆఖరి స్థానంలో ఉన్నవాడు అందరికీ సమోసాలు, చాయ్ ఇప్పించాలి, అంతే. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేసి నిషేధించింది. చట్టం సంగతి అటుంచి, బ్యాంకు ఉద్యోగికి పందెం మొదటినుంచీ పనికిరానిదే.

నేను చేసిన రెండు తప్పులు

మార్చి 23 ఆదివారం. ఉప్పల్‌లో సన్‌రైజర్స్ హైదరాబాద్ తొలి మ్యాచ్. రాజస్థాన్ మీద 286 పరుగులు. ఇషాన్ కిషన్ 47 బంతుల్లో 106 నాటౌట్. కిషన్ ఎవరి జట్టులోనూ లేడు. మరునాడు పొద్దున్నే ఒక బౌలరును తీసేసి, కిషన్‌ను తెచ్చి, ఏకంగా కెప్టెన్‌ను చేశాను. మార్చి 27న లక్నో మీద అతను తొలి బంతికే అవుట్. తర్వాత విశాఖలో 2, కోల్‌కతాలో 2, మళ్లీ ఉప్పల్‌లో 17. నాలుగు మ్యాచ్‌లలో కలిపి 21 పరుగులు. రెట్టింపు చేసినా 42 పాయింట్లే.

నా జట్టులోనే మొదటినుంచీ అభిషేక్ శర్మ ఉన్నాడు. అతని తొలి ఐదు స్కోర్లు 24, 6, 1, 2, 18. మొత్తం 51. ఏప్రిల్ 11 శుక్రవారం రాత్రి విసిగిపోయి అతన్ని తీసేశాను. వైజాగ్ నుంచి వచ్చిన మా రైల్వే మిత్రుడు మరునాడు మధ్యాహ్నానికల్లా తీసుకున్నాడు. “గురువుగారూ, మీరు కాలదన్నుకున్నది నేను ఏరుకుంటున్నా, ఏమనుకోకండి” అని మెసేజ్ పెట్టాడు.

ఆ సాయంత్రం ఏమైందో తెలుగువాళ్లకు చెప్పనక్కర్లేదు. పంజాబ్ పెట్టిన 246 లక్ష్యాన్ని ఛేదిస్తూ అభిషేక్ 55 బంతుల్లో 141 కొట్టాడు. అప్పటికి ఐపీఎల్‌లో ఒక భారతీయ ఆటగాడి అత్యధిక స్కోరు అది. మరునాటి ఆదివారం సమోసాలు నావే.

లెక్క ఏం చెప్పింది?

రెండో శనివారం, ఆదివారం, అంబేద్కర్ జయంతి కలిసి మూడు రోజుల సెలవు. తీరిగ్గా కూర్చుని, ముందే చేయాల్సిన లెక్క అప్పుడు చేశాను.

2024 సీజన్‌లో అభిషేక్ 16 ఇన్నింగ్స్‌లలో 484 పరుగులు చేశాడు. కిషన్ 14 మ్యాచ్‌లలో 320. 2025 తొలి మ్యాచ్ స్కోర్లు కూడా కలిపితే అభిషేక్ 17 ఆటల్లో 508, అంటే ఆటకు సుమారు 30. కిషన్ 15 ఆటల్లో 426, అంటే ఆటకు సుమారు 28. ఆ శతకాన్ని కలుపుకున్నా ఇద్దరూ దాదాపు సమానమే! నేను మాత్రం 106కీ 24కీ ఉన్న తేడాను చూశాను.

ఐదు మ్యాచ్‌ల తర్వాత కూడా అంతే. ఐదు ఆటల సగటు 10 చూసి అభిషేక్‌ను తీసేశాను. పాతవీ కొత్తవీ కలిపితే 21 ఆటల్లో 535, ఆటకు 25 పైనే. సీజన్ ముగిసేసరికి ఏమైంది? కిషన్ 13 ఇన్నింగ్స్‌లలో 354, ఇన్నింగ్స్‌కు 27. అభిషేక్ 13 ఇన్నింగ్స్‌లలో 439, ఇన్నింగ్స్‌కు 34 దాకా. తొలి వారంలోనే కలిపి లెక్కిస్తే వచ్చిన అంకెలు, సీజన్ చివరి అంకెలు ఇంచుమించు ఒక దారిలోనే ఉన్నాయి. దారి తప్పింది నా తొందర.

దీనికి మా ఊరి ఉదాహరణే ఉంది. నవా రాయ్‌పూర్‌లోని షహీద్ వీర్ నారాయణ్ సింగ్ స్టేడియంలో 2023 జనవరి 21న జరిగిన తొలి వన్డేలో న్యూజిలాండ్ 108కే ఆలౌటైంది. ఇది బౌలర్ల పిచ్ అని ఊరంతా తేల్చేసింది. అదే మైదానంలో 2025 డిసెంబరు 3న భారత్ 358 పరుగులు చేస్తే, దక్షిణాఫ్రికా దాన్ని కూడా ఛేదించింది.

కౌంటరు ఇవతల

ఐపీఎల్ మొదలయ్యే రోజుల్లోనే మన కొత్త ఆర్థిక సంవత్సరమూ మొదలవుతుంది. ఆ ఏప్రిల్‌లో మా శాఖకు ఒక యువ అధికారిణి బదిలీపై వచ్చారు. కాసా ప్రచారం బాధ్యత ఆమెకు అప్పగించాను. తొలి పది రోజుల్లో వచ్చినవి రెండే ఖాతాలు. రోజూ సాయంత్రం రీజినల్ ఆఫీసుకు అంకెలు పంపాలి. సెలవులు కాగానే, ఏప్రిల్ 15 మంగళవారం ఆమెను ఆ పనినుంచి తప్పించి వేరే డెస్కుకు మార్చాలని ఆర్డరు కూడా సిద్ధం చేసుకున్నాను.

సమోసాల ఖర్చు అక్కడ అక్కరకొచ్చింది. అభిషేక్ విషయంలో చేసినదే మళ్లీ చేస్తున్నానా అనిపించింది. ఆమె పాత శాఖ పనితీరు నేను అసలు చూడనేలేదు. తెప్పించి చూస్తే, అక్కడా మొదటి నెల పలచగానే ఉంది. తర్వాత పుంజుకుంది. పిలిచి అడిగాను. “సార్, నేను పండ్రీ బట్టల మార్కెట్‌లో దుకాణం దుకాణానికీ తిరుగుతున్నాను. మొదటిసారి వెళ్తే ఎవరూ ఖాతా తెరవరు. మూడోసారికి కూర్చోమంటారు” అన్నారామె. తన నోటుబుక్కు చూపించారు. అరవైకి పైగా దుకాణాలు, ఎవరికి ఏం కావాలో పక్కనే రాసుకున్నారు. ఆర్డరు చించేశాను.

జూన్ చివరికి ఆమె లక్ష్యాన్ని అందుకోలేదు, కాస్త దగ్గరలో ఆగారు. కథ కోసం దాటించానని రాయను. కానీ ఆమె తెచ్చిన కరెంటు ఖాతాలలో లావాదేవీలు నడుస్తున్నాయి. ఒకవేళ నడవకపోయినా, పది రోజుల అంకెలతో మనిషిని తూచబోవడం నా తప్పే.

ఓపికకూ హద్దుంది

ఇదంతా చదివి ‘ఎప్పుడూ ఆగి చూడాలి’ అనుకుంటే మరో తప్పు. మా లీగ్‌లో మందుల వ్యాపారి జట్టులో రుతురాజ్ గైక్వాడ్ ఉన్నాడు. మోచేతి గాయంతో సీజన్ మొత్తానికి దూరమయ్యాడని ఏప్రిల్ 10న ప్రకటన వచ్చింది. ఈయన ‘ఓపిక పడదాం’ అంటూ రెండు వారాలు అతన్నే ఉంచుకున్నాడు. అంకె తగ్గడం వేరు, కారణం తెలియడం వేరు. కారణం తెలిశాక ఇంకా ఆటలు లెక్కపెట్టనవసరం లేదు.

మన నిబంధనలలో ఈ రెండూ ఉన్నాయి. బకాయి పడిన ఖాతాను తొలి 30 రోజులు ఎస్‌ఎంఏ–0, 60 వరకు ఎస్‌ఎంఏ–1, 90 వరకు ఎస్‌ఎంఏ–2 అంటాం. 90 దాటాకే ఎన్‌పీఏ. అంటే మొదటి రోజునుంచీ గమనిస్తాం, తీర్పు మాత్రం మెల్లగా ఇస్తాం. స్వల్పకాలిక పంటల రుణానికి రెండు పంటకాలాల గడువుంది. ఛత్తీస్‌గఢ్‌లో ప్రభుత్వ ధాన్యం కొనుగోలు మొదలయ్యేది నవంబరులో. రైతు చేతికి డబ్బు రాకముందే సెప్టెంబరులో అతని ఖాతా మీద తీర్పు చెబితే ఏం న్యాయం? అదే, రుణం ఇచ్చిన తొలి వాయిదాయే కట్టకపోతే మాత్రం ఆగకూడదు. వెంటనే యూనిట్‌కు వెళ్లి చూడాలి. ఎక్కువసార్లు అక్కడ లోపం అంకెలో ఉండదు, మంజూరులో ఉంటుంది.

ఇప్పుడు ఏ తొలి అంకె ముందుకొచ్చినా మూడు ప్రశ్నలు వేసుకుంటున్నాను.

1. ఇది ఎన్నిసార్లు చూసిన ఫలితం?
2. అంతకుముందు రికార్డు ఏమిటి? రెండూ కలిపితే ఎంత?
3. కారణం తెలిసిందా, లేక అంకె ఒక్కటే తెలిసిందా?

మరో ఏప్రిల్ వస్తోంది. కొత్త లక్ష్యాలు వస్తాయి, బదిలీలపై కొత్త ముఖాలు వస్తాయి, మా లీగ్ కూడా మళ్లీ మొదలవుతుంది. ఈసారి మా రైల్వే మిత్రుడు అభిషేక్‌ను ముందే అడుగుతాడని తెలుసు. అడగనివ్వండి. ఆఖరి స్థానంలో ఉన్నా సమోసాలు పెద్ద ఖర్చేం కాదు. మన టేబులు ముందు నిలబడిన మనిషి విషయంలో పొరపాటు పడితేనే, అది ఏ చాయ్‌తోనూ తీరదు.